వెన్ను విరిగే చోటు

కుట్టిన పుస్తకాన్ని బల్ల మీద వెన్ను ఆనించి నిలబెట్టి, రెండట్టలూ ఒక్కసారే వదిలేస్తే అది తనంతట తానే ఒకచోట తెరుచుకుంటుంది. చదివినవాళ్లు ఎక్కువసేపు ఆగిన చోటు, మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పిన చోటు అన్నమాట. పాత జిల్దు, అంటే బైండు, విప్పే ముందు ఈ పని చెయ్యమని మా మామ నేర్పాడు. ఏ ఫారం దగ్గర, అంటే మడిచి కుట్టిన ఏ కాగితాల కట్ట దగ్గర, దారం వదులైందో ముందే తెలిస్తే అక్కడ సన్నని గుడ్డపీలిక అతికించి కుట్టుకోవచ్చు. పనికోసం నేర్చుకున్నదే. కానీ పుస్తకం తెరుచుకున్న పేజీలో ఏముందో చదవకుండా ఊరుకోవడం నావల్ల ఏనాడూ కాలేదు.

నేను భువనగిరి నుంచి హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండకు కోడలిగా వచ్చింది ఎమర్జెన్సీ రోజుల్లో. రాయ్ రాయన్ దేవిడీ గడియారం దాటి లాల్‌దర్వాజా వైపు పోయే గల్లీల్లో ఒకదాంట్లో మా ఇల్లు. ముందుగదిలో కిరాయి పుస్తకాల దుకాణం, వెనక వసారాలో బైండింగు. మా ఆయన చంచల్‌గూడ సర్కారు ప్రెస్సులో బైండరు. సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ అదే పనికి కూర్చునేవాడు. దుకాణం మామది. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్న మనిషి. పొద్దున్నే నడుచుకుంటూ భారత గుణవర్ధక సంస్థ లైబ్రరీకి పోయి పేపర్లన్నీ చూసి వచ్చేవాడు. అది 1895లో మా శాలిబండలోనే పెట్టిన లైబ్రరీ. "బయటికి పోగలిగినోళ్లకు అది ఉన్నది, పోలేనోళ్లకు మనం ఉన్నం" అనేవాడు. పోలేనోళ్లంటే ఆడవాళ్లు.

వాళ్లలో చాలామంది దుకాణం గడప కూడా తొక్కేవాళ్లు కాదు. పిల్లల చేతికి చీటీ ఇచ్చి పంపేవాళ్లు. చీటీలో పుస్తకం పేరుండేది కాదు. "మొన్నటిలాంటిది", "ఏడిపించేది", "సావకుండ ఉండేది" అని ఉండేది. ఆ చివరిది రాసిన మనిషి ఎవరో గాని ఆమెకు నచ్చే నవల వెతకడం నాకు పెద్ద పరీక్ష. అప్పటి మా అలమారాల్లో, గతం ఉన్న ఆడది చివరి ఫారంలో చచ్చిపోకుండా మిగిలిన నవలలు వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి.

వ్యాపారం సంగతి త్వరగా చెప్పేస్తాను. పుస్తకం వెల డిపాజిట్. రోజుకు పావలా కిరాయి. యండమూరి కొత్త నవలయితే అర్ధరూపాయి, అదీ ఒక్క రాత్రికే. లావు నవలను మధ్యకు విడగొట్టి రెండు జిల్దులు కడితే రెండు కిరాయిలు. తిట్టేవాళ్లు. తిడుతూనే రెండో భాగానికి పరిగెత్తుకొచ్చేవాళ్లు. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ల పేజీలు చించి వరుసగా పేర్చి పక్కకుట్టు వేసి నవల తయారుచేసేవాళ్లం. పక్కకుట్టు పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, చదివేవాళ్లు రెండు చేతులతో విరిచి పట్టుకోవాలి, ఆ పెనుగులాటలో కాగితం చిరుగుతుంది. అందుకే బాగా తిరిగే నవలలను మా ఆయన విప్పదీసి, ఫారం ఫారంగా జుజ్‌బందీ కుట్టేవాడు. మైదాతో లై కాచి, రామబాణం పురుగు రాకుండా చిటికెడు మైలుతుత్తం కలపడం, శికంజాలో పుస్తకం బిగించి రాత్రంతా వదిలేయడం, అట్ట మీద కలికో గుడ్డ లాగి అతికించడం నేను ఆయన్ని చూసి నేర్చుకున్నవే. మొదట్లో పిల్లలు అన్నమని తినబోతారేమోనని ఆ లై గిన్నెను అటక మీద పెట్టేదాన్ని.

మా దుకాణంలో ఎక్కువసార్లు మళ్లీ కుట్టించుకున్న తెలుగు నవల రంగనాయకమ్మ 'బలిపీఠం'. 1960ల మొదట్లో వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1975లో దాసరి నారాయణరావు సినిమా తీశాక, శారద, శోభన్‌బాబుల్ని తెర మీద చూసొచ్చినవాళ్లంతా మళ్లీ పుస్తకం అడిగారు. కథ చాలామందికి తెలిసిందే. అరుణ చిన్నతనంలోనే భర్త పోయిన బ్రాహ్మణ పిల్ల. జబ్బుతో చావు ఖాయమనుకున్నాక, పోయేలోగా ముత్తయిదువనై పోవాలని కోరుకుంటుంది. దళితుడైన భాస్కర్ ఆ కోరిక తీర్చడానికి ఆమెను పెళ్లాడతాడు. అరుణ చావదు. కోలుకుంటుంది. కష్టమంతా అక్కడ మొదలవుతుంది. చావబోయే మనిషికి అడ్డురాని కులం బతకబోయే మనిషికి అడ్డొస్తుంది.

ఆ పుస్తకాన్ని నిలబెట్టి వదిలితే పెళ్లి దగ్గర తెరుచుకుంటుందనుకున్నాను. కాదు. పెళ్లయ్యాక, కాపురంలో, అరుణకు పుట్టింటి మడీ ఆచారం గుర్తొచ్చి మొగుడి మనుషుల మీద అసహ్యం పైకి తన్నే పేజీల దగ్గర తెరుచుకునేది. పసుపు వేలిముద్రలు, పోపు నూనె చుక్కలు అక్కడే. అక్కడ ఆగిన ఆడవాళ్లు అరుణను తిట్టుకుంటూ ఆగారా, తమను చూసుకుంటూ ఆగారా? మడికట్టుకునే ఇంటి ఆవిడ ఒకామె పుస్తకం తిరిగిస్తూ, "దానికేం రోగమమ్మా, దేవుడిలాంటి మొగుడు దొరికితే?" అని విసుక్కుంది. వారం తిరక్కుండా అదే పుస్తకానికి అదే పిల్లవాడిని పంపింది. అడిగినదాన్ని ఇవ్వడమే నా పని, ఎందుకని అడగడం కాదు.

ఆ నవల గురించి నేను విన్న మాటల్లో అన్నిటికంటే పదునైనది సర్కారు బడి టీచరమ్మ ఒకామె అన్నది. ఆమె ఎస్సీ. దుకాణానికి తనే వచ్చి నిలబడి, చూసుకుని తీసుకుపోయేది. "అందరు అరుణ కోసం ఏడుస్తున్నరు వదినా. గా భాస్కర్‌ను జూసి ఏడ్చినోళ్లు ఒక్కరన్న ఉన్నరా మీ దుకాణంల?" అంది. లేరు. అప్పటిదాకా నేనూ అరుణ కోసమే ఏడ్చాను. మనిషిని వెంటాడే గతం అంటే ఆ మనిషి పడ్డ బాధ ఒక్కటే అనుకుంటాం. అరుణ గతంలో బాధతోపాటు గొప్ప కూడా ఉంది. విధవగా తనను మూలన కూర్చోబెట్టిన ఆచారమే తనను భాస్కర్ కంటే ఎత్తున నిలబెట్టింది. ఆ ఎత్తు దిగడం ఆమెకు చావు కంటే కష్టమైంది. రంగనాయకమ్మ ఆ సంగతిని దాచకుండా రాసింది కాబట్టే ఆ పేజీల దగ్గర వెన్ను విరిగిందని ఇప్పుడనిపిస్తుంది.

ఉర్దూ అలమారా వేరే. ఇబ్నె సఫీ జాసూసీ నవలలు, వాజిదా తబస్సుం కథలు, పాత డైజెస్టులు. వాజిదా పుస్తకాలను ఇంట్లో పెద్దవాళ్లు చూడకుండా పేపరులో చుట్టి ఇమ్మనేవాళ్లు. ఆ అలమారాలో మామ ప్రాణం 'ఉమ్రావ్ జాన్ అదా'. 1899లో మీర్జా హాదీ రుస్వా రాసిన నవల. లిథోలో అచ్చయిన మా కాపీకి చివరి పేజీలు చేతిరాతతో ఎక్కించుకున్నవి. రుస్వా చివరి రోజుల్లో ఉస్మానియా యూనివర్సిటీ తర్జుమా దఫ్తరులో పనిచేసి, 1931లో హైదరాబాదులోనే పోయాడు. మామకు ఈ సంగతి మహా గొప్ప. "లక్నో కథే గావొచ్చు, రాసినాయన మట్టి మాత్రం మనదాంట్లనే కలిసింది" అనేవాడు. నాకు ఉర్దూ మాట వచ్చు గాని చదవడం రాదు. మధ్యాహ్నం దుకాణం పలచబడ్డాక ఆయన చదువుతూ తెలుగులో చెప్పేవాడు, నేను ఫారాలు మడతపెట్టేదాన్ని. మామా కోడళ్లు కూర్చుని తవాయిఫ్ కథ చదువుతున్నారని మా అత్త గొణిగేది. గొణుగుతూనే గుమ్మం పక్కన పీట వేసుకునేది.

ఫైజాబాదు పిల్ల అమీరన్. తండ్రి ఇచ్చిన సాక్ష్యంతో జైలుకు పోయిన పొరుగువాడు పగబట్టి ఆమెను ఎత్తుకుపోయి లక్నోలో అమ్మేస్తాడు. ఖానుం అనే ఆమె నడిపే కోఠాలో ఆమె ఉమ్రావ్ అవుతుంది, పాట, కవిత్వం నేర్చుకుంటుంది. ఆమెతోపాటే అమ్ముడుపోయిన ఇంకో పిల్ల రాందేయి. అంగడి ఒక్కటే, కొన్న చేతులు వేరు. ఏళ్ల తర్వాత రాందేయి ఒక నవాబు ఇంట్లో బేగం అయ్యి కనిపిస్తుంది. ఉమ్రావ్ తవాయిఫ్‌గానే ఉంటుంది. ఇద్దరి మధ్య తేడా ఎవరి గుణంలోనూ లేదు. మా అత్త ఇక్కడికొచ్చేసరికి పీట కాస్త లోపలికి జరుపుకునేది.

మా కాపీ తెరుచుకునేది మాత్రం అక్కడ కాదు. ఉమ్రావ్ మళ్లీ ఫైజాబాదు పోయి, తను పుట్టిన ఇంటి దగ్గరే ముజ్రా చెయ్యాల్సి వచ్చినచోట. తల్లి గుర్తుపడుతుంది. ఇద్దరూ ఏడుస్తారు. ఆ తర్వాత తమ్ముడు కత్తి పట్టుకుని వస్తాడు, ఇంటి పరువు తీశావని. దుకాణానికి వచ్చే ఒక ఖాలా ఈ ఘట్టం గురించి మామతో వాదన వేసుకునేది. బురఖా ముసుగు పైకెత్తి, "భాయీ కా క్యా బిగ్డా థా, ఛోటే భయ్యా?" అని గట్టిగా అడిగేది. వాడికేం పోయిందని? ఎత్తుకుపోయినవాడి మీదికి దూసింది లేదు, కొన్నదాని మీదికి దూసింది లేదు, కత్తి అక్క మీదికే వచ్చింది. మామ దగ్గర జవాబు లేదు. "రుస్వా సాబ్‌నే లిఖా, మైనే నహీ" అని, రాసింది రుస్వా గాని తను కాదని తప్పించుకునేవాడు.

ఈ రెండు నవలల్నీ పక్కపక్కన పెట్టుకుని నేను చాలా ఆలోచించాను. చదువు పెద్దగా లేనిదాన్ని, విమర్శకురాలిని కాను. రోజూ విప్పి కుట్టేదాన్ని కాబట్టి నాకు తోచింది చెబుతాను. అరుణ గతాన్ని తనే మోసింది, ఎవరు దించమన్నా దించలేదు. ఉమ్రావ్ ఎప్పుడో దించేసింది. మోసింది ఆమె తమ్ముడు, ఆ గల్లీ, ఆ ఊరు. రుస్వా ఆమెను చంపలేదు. వయసుమళ్లాక పుస్తకాలు చదువుకుంటూ, ఉన్నదాంతో బతుకుతూ, తన కథ తనే చెప్పేటట్టు రాశాడు. 1981లో ముజఫ్ఫర్ అలీ సినిమాలో రేఖను చూసొచ్చినవాళ్లకు ఆ ముసలి ఉమ్రావ్ గుర్తుండదు. నాకైతే ఆమే ఎక్కువ ఇష్టం. చావకుండా ఉండే నవల కావాలని చీటీ రాసిన మనిషికి ఉర్దూ రాకపోవడం నా దురదృష్టం. ఆమెకు నేను పంపింది డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. అందులో ఇందిర ఏ తప్పునూ నెత్తిన పెట్టుకుని కుమిలిపోదు. ఈ నవల మీదే 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. సినిమా వచ్చేనాటికి శ్రీదేవి లేదు, చిన్నవయసులోనే 1961లో పోయింది. పుస్తకం తిరిగొచ్చినప్పుడు లోపల చీటీ ఉంది: "ఇట్లాంటిది ఇంకోటి." అలాంటిది ఇంకోటి నాకు ఈనాటికీ దొరకలేదు.

నవలలు పక్కనపెడితే, 1978 మార్చి చివర్లో నల్లకుంట పోలీసు స్టేషనులో జరిగింది పాతబస్తీ ఆడవాళ్లెవరూ మరచిపోలేదు. రాత్రిపూట భర్తతో ఇంటికి పోతున్న ఒక పేద ముస్లిం స్త్రీని పట్టుకుపోయి పోలీసులు చెరిచారు. అడ్డొచ్చిన భర్తను కొట్టారు, అతను చచ్చిపోయాడు. ఊరంతా భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. మా దుకాణం షట్టరు దించి ఉంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. మామ ఉర్దూ పేపరు తెప్పించి రోజూ బిగ్గరగా చదివేవాడు. కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్లు తవ్విందంతా ఆమె గతమే. ఎన్ని పెళ్లిళ్లయ్యాయి, ఏ ఊళ్లో ఎవరితో ఉంది, ఏం పనిచేసింది. మా వసారాలో చేరిన ఆడవాళ్లు, తెలుగువాళ్లూ ముస్లిములూ, కిక్కురుమనకుండా వినేవాళ్లు. ఖాలా ఒక్కతే, "వహీ భాయీ ఆ గయా, ఛురీ లేకే" అంది. ఆ తమ్ముడే మళ్లీ కత్తి పట్టుకొచ్చాడని. ముక్తదర్ ఆ బాధితురాలి మాటనే నమ్మి, పోలీసుల మీద కేసు పెట్టాలని చెప్పాడు. కేసును రాయచూరుకు మార్చారు. 1981లో అక్కడి కోర్టు అందరినీ వదిలేసింది. రామ్ నవమికి, రంజానుకు విడివిడిగా తలుపులు మూసుకునే రోజులు మొదలైన ఆ కాలంలో మా వసారా ఆడవాళ్లు ఒక్కమాట మీద నిలబడ్డ సంగతి ఇదొక్కటే నాకు గుర్తు.

ఆ తర్వాతే నేను ఖాతా పుస్తకం పద్ధతి మార్చాను. అంతకుముందు ఎవరు ఏ నవల తీసుకున్నారో పేరుతో సహా రాసుకునేవాళ్లం. ఒకరోజు ఒకావిడ వచ్చి కూర్చుంది. మంచినీళ్లు తాగింది. మెల్లగా అడిగింది.

"మా కోడలు మీ దగ్గర ఏమేం పుస్తకాలు పట్కపోతున్నది బిడ్డా? ఓపాలి జూపియ్యరాదు."

"ఎందుకమ్మా?"

"ఏం లేదు. దాని మనసు ఏడ ఉన్నదో తెల్వాలె. పెండ్లికి ముందు ఏదో ఉండె అంటున్నరు."

"అట్లాంటివి మేం రాసిపెట్టుకోం" అన్నాను. ఆమె కళ్లు నా మోచేతి కింద ఉన్న పుస్తకం మీదే ఉన్నాయి. ఆ కోడలు నాకు బాగా తెలుసు. తీసుకుపోయేవన్నీ యద్దనపూడివీ, మాదిరెడ్డివీ, పెళ్లితో ముగిసే నవలలే. చూపించినా ఏమీ దొరికేది కాదు. అయినా చూపించలేదు. ఆ రాత్రే పేర్లు తీసేసి ప్రతి ఇంటికీ ఒక నంబరు పెట్టాను. నంబరు ఎవరిదో నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు. మా ఆయన నవ్వాడు, "సర్కారు ప్రెస్సుల కూడా ఇంత సీక్రెట్ లేదు" అని. పిల్లల చేతికిచ్చి పంపే పుస్తకాలన్నిటికీ ఒకే రకం కేలండర్ కాగితం అట్ట వేయడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. లోపల ఏముందో దారిలో ఎవరూ చదవకూడదని. అట్టలు మార్చీ మార్చీ నా చేతులకు ఎప్పుడూ లై వాసనే.

కిరాయి పుస్తకాల పని ఎలా పోయిందో అందరికీ తెలిసిందే. 1995లో ఈటీవీ వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక నవల తెరిచే గంట సీరియల్‌కు పోయింది. అక్కడా అదే కథ, గతం ఉన్న ఆడదీ, ఆ గతం తెలిసిన ఇంకో ఆడదీ. ఏళ్ల తరబడి సాగేవి. నిలబెట్టి వదిలి చూడటానికి వెన్ను లేని కథలు. మెల్లగా పుస్తకాలు తూకానికి పోయాయి. కొన్ని ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ అంగడికి పోయాయి. ఉంచుకున్నవి కొన్ని ఉంచుకున్నాను. ఖాతా పుస్తకాలు మాత్రం నా చేత్తోనే నీళ్లల్లో నానబెట్టి గుజ్జు చేశాను.

బైండింగు పని ఇంకా ఉంది. మా ఆయన పోయాక అబ్బాయీ నేనూ చూసుకుంటున్నాం. మార్వాడీ దుకాణాల ఎర్రగుడ్డ ఖాతాలు, మసీదుల నుంచి ఖురాన్ కాపీలు, పిల్లల ప్రాజెక్టు రికార్డులు. ఖురాన్ వస్తే ముందు చేతులు కడుక్కోవాలి, నేల మీద పెట్టకూడదు, కత్తిరించిన అంచుముక్కలు కూడా విడిగా సంచీలో పెట్టి వాళ్లకే తిరిగివ్వాలి. ఉర్దూ, అరబీ పుస్తకాలకు వెన్ను కుడివైపు వస్తుంది, కొత్త కుర్రాళ్లు ఎడమకు కుట్టేస్తారు, అందుకని మొదటి కుట్టు పడేదాకా పక్కనే కూర్చుంటాను.

ఈ మధ్య యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి వచ్చింది. పాత నవలల్లో ఆడవాళ్ల మీదే ఆమె పని. 'బలిపీఠం' సగం జిరాక్సు, సగం ఫోన్లోంచి తీసిన ప్రింటు కలిపి తెచ్చి, "జుజ్‌బందీ చేస్తారా అమ్మా, స్పైరల్ వద్దు, పూర్తిగా తెరుచుకోవాలి" అంది. ఆ పని పేరు పెట్టి అడిగినవాళ్లను చూసి చాన్నాళ్లయింది. కాగితాలు తిప్పి చూశాను. అన్నీ విడివిడి షీట్లు, మడత లేదు, లోపలివైపు అక్షరాలు అంచుదాకా వచ్చేశాయి. అలా కుడితే ప్రతి పంక్తిలో మొదటి మాట దారం కింద నలిగిపోతుంది. పెద్ద కాగితం మీద రెండేసి పేజీలుగా, మడత దగ్గర అంగుళం ఖాళీ వదిలి మళ్లీ ప్రింటు తియ్యమన్నాను. ఖర్చు ఎక్కువవుతుందని మొహం ముడుచుకుంది. నా దగ్గరున్న మా పాత కాపీ చూపించాను, దుకాణంలోనే కూర్చుని చదువుకోవచ్చు, ఇంటికివ్వనని చెప్పాను. డిపాజిట్ ఎంతని అడిగింది.

"ఇక్కడ కూసోని చదివెటోళ్లకు డిపాజిట్ ఏందమ్మా? చేతులకు నూనె లేకుంటె చాలు" అన్నాను.

బల్ల దగ్గర కూర్చుని తెరిచింది. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టబోయింది గాని పుస్తకం తన అలవాటు ప్రకారం మధ్యకే పోయింది. ఆమె వెనక్కి తిప్పుకుంది, అది మళ్లీ అక్కడికే పోయింది. చివరికి అక్కడి నుంచే చదవడం మొదలుపెట్టి, సంచీలోంచి పెన్సిలు తీసింది. పెన్సిలు లోపల పెట్టమని చెప్పి, రాసుకోవడానికి తెల్లకాగితాలు ఇచ్చాను.